ఒంటరి పూమొక్క

భూగోళమున ఉత్తర భాగమందలి దేశములలో చలికాలము మిక్కిలి దీర్ఘమైనది. కొన్ని నెలల పాటు నేల మంచుతో కప్పబడియుండును. చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచును. వసంతము వచ్చి మంచు కరగిన పిదప అడవుల నేలపై రంగురంగుల పూలు విరియును. ఈ పూలకు తోటమాలి లేడు. నీరు పోయువారును లేరు. తమంత తామే మొలచి, తమంత తామే పూచు ఇట్టి వానిని అడవిపూలందురు. ఆ అడవిపూలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 'లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్' అనునది. ఈ జాతి కొన్ని దేశములలో నేటికిని విస్తారముగా పూయుచున్నది. ఇంగ్లండు దేశమున మాత్రము ఒకప్పుడు ఒకే ఒక మొక్కగా మిగిలెను. ఒకే జాతికి ఇట్టి రెండు గతులు ఎట్లు పట్టెనో, ఆ ఒంటరి మొక్కను మనుష్యులు ఎట్లు కాపాడిరో తెలిసికొనదగిన విషయము.

పుష్పించు మొక్కల కుటుంబములలో ఆర్కిడ్ల కుటుంబము మిక్కిలి పెద్దవానిలో ఒకటి. ఆ కుటుంబమునకు చెందిన ఈ మొక్క జానెడు మొదలుకొని మూరెడుకు పైగా ఎత్తు పెరుగును. దాని కాండమునకు మూడు నుండి ఐదు వరకు వెడల్పైన ఆకు లుండును. ఆకుల మీద ఈనెలు నిలువుగా, స్పష్టముగా కనబడును. కాండము చివర సాధారణముగ ఒక పువ్వు, అరుదుగా రెండు పూలు పూయును. పువ్వునకు చుట్టును ముదురు గోధుమ ఎరుపు రంగు గల నాలుగు దళము లుండును. అందు ప్రక్కనున్న రెండును మెలిదిరిగి రిబ్బనులవలె వ్రేలాడుచుండును. వాని నడుమ పసుపుపచ్చని సంచి యొకటి యుండును. అది ముందు భాగము మూసియున్న చిన్న చెప్పువలె నుండును. ఈ సంచియే పువ్వునకు పేరు తెచ్చినది. 'లేడీస్ స్లిప్పర్' అనగా స్త్రీ తొడుగు చెప్పు అని యర్థము.

ఈ పోలిక ఆంగ్లేయులకు మాత్రమే తోచినది కాదు. రష్యా దేశీయులును, ఫ్రెంచి వారును ఈ పువ్వును వీనస్ దేవత పాదరక్ష యని పిలిచిరి. స్వీడను దేశీయులు దీనిని కోకిల చెప్పు అనిరి. ఎస్టోనియా వారు అందమైన బంగారు చెప్పు అని ముద్దుగా పేరు పెట్టుకొనిరి. స్వీడను దేశపు గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753 వ సంవత్సరమున ప్రకటించిన తన గ్రంథమున దీనికి 'సిప్రిపీడియం కాల్సియోలస్' అను శాస్త్రీయ నామము నొసగెను. అందు మొదటి మాటలో సైప్రస్ దీవికి చెందిన దేవతయు, చెప్పును కలసియున్నవి. రెండవ మాటకు చిన్న చెప్పు అని యర్థము. భాష లెన్ని మారినను చూచిన కన్నులకు తోచిన పోలిక మాత్రము ఒక్కటే.

ఈ పువ్వు నివాసము మిక్కిలి విశాలమైనది. పడమట ఇంగ్లండు మొదలుకొని, స్వీడను, ఎస్టోనియా, ఆల్ప్సు పర్వత ప్రాంతములు, రష్యా, సైబీరియాల మీదుగా తూర్పున పసిఫిక్ మహాసముద్ర తీరము వరకు ఇది వ్యాపించియున్నది. ఒకే జాతి మొక్క యూరపు, ఆసియా ఖండముల ఈ కొస నుండి ఆ కొస వరకు నిలుచుట సామాన్యము కాదు. సున్నపురాయి నేలలును, చెట్ల పలుచని నీడయు దీనికి ప్రీతికరములు. స్వీడనుకు చెందిన గోట్లాండ్ దీవి యందును, ఎస్టోనియా అడవుల యందును మే, జూన్ మాసములలో ఇది గుంపులుగా పూచి బాటసారులకు కనువిందు చేయుచుండును.

ఇంత విశాలమైన నివాసము గల మొక్క సులభముగ పెరుగునని తోచవచ్చును. కాని దాని జీవితము మిక్కిలి సున్నితమైనది. మొదట దాని పరాగ సంపర్క విధానమును చూడవలయును. ఈ పువ్వులో తేనె లేదు. అయినను దాని రంగును, వాసనను చూచి, నేలలో బొరియలు చేసికొని జీవించు చిన్న తేనెటీగలు ఆశతో వచ్చును. సంచి అంచున వ్రాలిన ఈగ జారి లోపల పడును. సంచి గోడలు నున్ననివి. అంచులు లోనికి మడిగియుండును. అందువలన వచ్చిన దారిని తిరిగి పోవుట దానికి సాధ్యము కాదు. సంచి వెనుక భాగమున గోడ పలుచనై, వెలుతురు కిటికీలోనుండి వలె లోనికి ప్రసరించును. అక్కడ సన్నని నూగు నిచ్చెనవలె పైకి సాగును. ఈగ ఆ వెలుతురును చూచి, ఆ నూగును పట్టుకొని పైకి ప్రాకును. ఇరుకైన దారిలో మొదట కీలాగ్రము క్రిందుగా దూరును. అప్పుడు దాని వీపున నున్న పరపూవు పుప్పొడి అక్కడ అంటుకొనును. పిదప కేసరమును ఒరసికొనుచు ప్రక్కనున్న చిన్న రంధ్రమునుండి వెలికి వచ్చును. ఆ సమయమున క్రొత్త పుప్పొడి దాని వీపునకు అంటును. ఈగ మిక్కిలి పెద్దదైనచో ఆ దారిని వెలువడలేదు. మిక్కిలి చిన్నదైనచో దేనిని తాకకయే పోవును. తగిన కొలత గల ఈగ వచ్చి, అది మరల మరియొక పువ్వున పడినప్పుడే కార్యము నెరవేరును.

ఈ రహస్యము పెద్దలకును వెంటనే తెలియలేదు. ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రజ్ఞుడగు చార్లెస్ డార్విన్ మొదట పురుగులు వెలుపలనే నిలిచి ప్రక్క రంధ్రములలో తొండమును చొప్పించునని తలచెను. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే వేరొక విధముగ ఊహించి ఆయనకు తెలియజేసెను. అప్పుడు డార్విన్ ఈ జాతికి దగ్గరి బంధువైన అమెరికా పువ్వును తీసికొని, ఒక చిన్న తేనెటీగను సంచిలో విడిచి చూచెను. అది లోపలి నుండి ప్రాకి ప్రక్క రంధ్రము గుండా పుప్పొడితో వెలువడెను. డార్విన్ తన తొలి యభిప్రాయమును విడిచి, 1877 లో వెలువడిన గ్రంథపు రెండవ కూర్పులో ఈ పరిశీలనను ప్రకటించెను. కంటితో చూచిన సత్యమునకు తల వంచుట శాస్త్రజ్ఞుని లక్షణము.

పువ్వు కాయగా మారిన పిదప కష్టములు తీరవు. ఒక కాయలో వేలకొలది విత్తనము లుండును; కాని అవి ధూళివలె మిక్కిలి సూక్ష్మమైనవి. వరి గింజలోను, కందిగింజలోను మొలకకు కావలసిన ఆహారము నిలువ యుండును. ఆర్కిడ్ విత్తనమున అట్టి నిలువ లేదు. నేలలో నుండు ఒక విధమైన శిలీంధ్రము, అనగా బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి, దానికి ఆహార మందించినప్పుడే అది మొలచును. మొలచిన పిదప కొన్ని సంవత్సరములు నేల క్రిందనే దాగియుండును. తొలి ఆకు వెలువడిన పిమ్మట పుష్పించుటకు మరికొన్ని సంవత్సరములు పట్టును. ఆ మీదట దాని వేరుదుంప అనేక దశాబ్దములు జీవింపగలదు. ఇది ఆలస్యముగ పెరిగి చిరకాలము బ్రతుకు మొక్క. కావున ఒక్క క్షణమున పెరికివేసిన మొక్కకు మారుగా మరియొకటి వచ్చుటకు ఎన్నో ఏండ్లు కావలయును. దాని చరిత్ర యంతయు ఈ లెక్కలోనే ఇమిడియున్నది.

ఇంగ్లండు ఉత్తర భాగమున యార్క్‌షైర్ మొదలగు సీమలలో సున్నపురాయి కొండలు గలవు. పూర్వము ఆ కొండల అడవులలో ఈ పువ్వు పూయుచుండెను. లండను నగరమున జాన్ పార్కిన్‌సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడుండెను. ఆయన 1629 వ సంవత్సరమున వెలువరించిన గ్రంథమున, ఇంగిల్‌బరో కొండకు మూడు మైళ్ళ దూరమున 'హెల్క్స్' అను అడవిలో ఈ పువ్వు పెరుగుచున్నదని వ్రాసెను. ఆ ప్రాంతమున నివసించిన థామసిన్ టన్‌స్టాల్ అను స్త్రీ తనకు ఆ మొక్క దుంపలను అనేక పర్యాయములు పంపినదని కృతజ్ఞతతో పేర్కొనెను. ఆమె మొక్కలయందు అనురాగము గలది; ఆయన విద్యయందు ఆసక్తి గలవాడు. ఇరువురిలో ఎవరికిని చెడు తలంపు లేదు. అయినను అడవి నుండి తోటకు దుంపలు తరలుట అప్పటికే మొదలయ్యెను.

కాలము గడచిన కొలది ఆ ప్రవాహము పెరిగెను. పదునెనిమిదవ శతాబ్దమున సెటిల్ అను పట్టణపు సంతలో ఈ పూలను అమ్ముచుండిరి. ధనికులు తోటల కొరకు దుంపలను త్రవ్వించిరి. విద్వాంసులు ఎండబెట్టి దాచుకొనుటకు మొక్కలను సేకరించిరి. పువ్వు అరుదైన కొలది దాని వెల హెచ్చెను. వెల హెచ్చిన కొలది వెదకువారును హెచ్చిరి. దీనికి తోడు కొన్ని అడవులు నరకబడెను. మిగిలిన చోట్ల గొఱ్ఱెలు లేత చిగుళ్ళను మేసెను. తేనెటీగకు కనబడుటకై పువ్వు ధరించిన అందమే మనుష్యుని కంటబడి దానికి శత్రువయ్యెను. 1917 నాటికి ఈ జాతి ఇంగ్లండున పూర్తిగా నశించినదని భావించిరి.

అయితే 1930 వ సంవత్సరమున యార్క్‌షైర్ లోయలలో ఒక మారుమూల చోట ఈ జాతి మొక్క ఒకటి కనబడెను. చుట్టుప్రక్కల ఎంత వెదకినను రెండవది దొరకలేదు. దానిని చూచినవారు చేసిన మొదటి పని, ఆ చోటును ఎవరికిని చెప్పకుండుట. ఒక గొప్ప వస్తువును కనుగొన్నవారు లోకమునకు చాటవలెనని ఉబలాటపడుట సహజము. కాని ఆ చోటు తెలిసినచో మరునాడే దుంప మాయమగునని వారెరుగుదురు. పత్రికలలో పేరు పడుట కంటె మొక్క బ్రతుకుట ముఖ్యమని వారు తలచిరి. ఆ రహస్యమును కొలదిమంది మాత్రమే ఒకరి తరువాత ఒకరు అనేక దశాబ్దములు కాపాడిరి. 1970 ప్రాంతమున దీని రక్షణకై ప్రత్యేకముగ ఒక సంఘ మేర్పడెను. పూలు పూయు దినములలో కావలివారు ఆ మొక్క సమీపమున గుడారము వేసికొని రేయింబవళ్ళు కాచియుండిరి. 1981 లో చేసిన చట్టము దానిని కోయుటను, పెరుకుటను నేరముగా నిర్ణయించెను.

కాచుట యొక్కటే చాలదు. ఒంటరి మొక్కకు తగిన పరాగము తెచ్చు జత లేదు. కావున రక్షకులు తమ చేతులతోనే పుప్పొడిని అద్ది కాయలు కట్టునట్లు చేసిరి. పూర్వము అడవుల నుండి తెచ్చి తోటలలో నాటిన మొక్కలు కొన్ని పలుచోట్ల మిగిలియుండెను. వానిలో ఆ ప్రాంతపు వంశమునకు చెందినవని రుజువైన వాని పుప్పొడియు ఈ పనికి తోడ్పడెను. అడవి నుండి తోటకు పోయిన మొక్కలు ఇట్లు తమ ఋణమును తీర్చుకొనెను.

1983 వ సంవత్సరమున లండనులోని క్యూ వృక్షోద్యానమున ఆర్కిడ్ల సంరక్షణకై ఒక ప్రణాళిక ప్రారంభమయ్యెను. అక్కడి శాస్త్రజ్ఞులు ఈ విత్తనములను పరిశోధనాలయమున మొలిపించుటకు పూనుకొనిరి. పండి ఎండిన కాయలలోని విత్తనములు గాఢనిద్రలో మునిగి మొలవవు. కావున కాయ పచ్చిగా నుండగనే కోసి, గాజు పాత్రలలో పోషక ద్రవ్యములు గల జిగురు పదార్థముపై విత్తిరి. నేలలో శిలీంధ్రము చేయు పనిని ఇక్కడ మనుష్యులు చేయవలసి వచ్చెను. మొలకలను చీకటిలో పెంచి, పిదప కుండీలలో నాటి, బలపడిన మీదట పూర్వము ఆ జాతి పెరిగిన అడవులకు చేర్చిరి. అనేక మొక్కలు చచ్చిపోయెను. కొన్నింటిని నత్తలు తినివేసెను. కొన్ని ఎండకు వాడిపోయెను. అయినను వారు ప్రయత్నమును మానలేదు. చివరకు 2000 వ సంవత్సరమున, ఇట్లు నాటిన వానిలో మొదటిది పుష్పించెను. లాంకషైర్ సీమలోని గేట్ బారోస్ అను రక్షిత ప్రదేశమున నాటిన మొక్కలను నేడు ప్రజలు స్వేచ్ఛగా పోయి చూచుటకు అవకాశము గలదు. చూచుటకు ఒక చోటు చూపినచో, రహస్యముగ నున్న మూల మొక్కను వెదకు తహతహ తగ్గునని పెద్దలు ఆలోచించిరి.

ఇప్పుడు ఒక ప్రశ్న పుట్టును. ఈ జాతి ప్రమాదమున నున్నదా, లేదా? ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పు సంస్థ యొకటి గలదు. అది 1948 లో స్థాపింపబడిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము. ఆ సంఘము 1964 నుండి 'ఎర్ర పట్టిక' అను పేర జంతువుల యొక్కయు, మొక్కల యొక్కయు స్థితిగతులను నిర్ణయించుచున్నది. నశించు భయము స్వల్పముగ నున్నవి, ప్రమాదమునకు సమీపించినవి, ప్రమాదమునకు లోనగునవి, తీవ్ర ప్రమాదమున నున్నవి, పూర్తిగా నశించినవి అని ఇట్లు తరగతులు చేసి చెప్పుదురు. లేడీస్ స్లిప్పర్ విషయమున మూడు వేర్వేరు సమాధానములు వచ్చినవి. లోకమంతటిని కలిపి చూచినచో దీనికి భయము స్వల్పమని నిర్ణయించిరి. 2011 లో యూరపు ఖండమును మాత్రమే పరిశీలించి, ప్రమాదమునకు సమీపించినదనిరి. బ్రిటను దేశపు పట్టికలో ఇది తీవ్ర ప్రమాదమున నున్న వానిలో చేరినది.

ఈ మూడును సత్యములే. సైబీరియా అడవులు విశాలమైనవి. అక్కడ పూయు మొక్కలు అనేకము. వానిని కలుపుకొని లెక్కించినచో భయము స్వల్పమనుటలో తప్పు లేదు. కాని జిల్లాలో నూరు చెరువులు నిండియున్నను, తన యూరి చెరువు ఎండిన రైతునకు ఆ లెక్క వలన మడి తడవదు. అట్లే సైబీరియాలో పూచిన పువ్వు యార్క్‌షైర్ అడవిలోని తేనెటీగకు గాని, అక్కడి బాలబాలికల కన్నులకు గాని అందదు. ఒక జాతి లోకమునుండి ఒక్కనాడు మాయము కాదు. మొదట ఒక అడవిలో, తరువాత ఒక సీమలో, ఆ పిమ్మట ఒక దేశమున అది తొలగును. అన్ని చోట్లను 'వేరొక చోట నున్నది కదా' అని ఊరకున్నచో, తుదకు ఎక్కడను లేకుండ పోవును. 'విస్తారముగ నున్నది' అను మాట నేటి స్థితిని తెలుపునే గాని, రేపటి రక్షణకు హామీ కాదు.

అయినను లోకపు లెక్క నిరుపయోగమైనది కాదు. ఏ జాతికి ముందుగ సాయపడవలెనో అది తెలుపును. ఆంధ్రదేశమున శేషాచల ప్రాంతపు కొండలలో 'సైకాస్ బెడ్డోమి' అను మొక్క గలదు. చూచుటకు చిన్న ఈతచెట్టువలె నుండు ఈ మొక్క ఆ తూర్పు కనుమల ప్రాంతమున తప్ప లోకమున మరెక్కడను సహజముగ పెరుగదు. లేడీస్ స్లిప్పర్ ఇంగ్లండున నశించినను సైబీరియాలో మిగులును. సైకాస్ బెడ్డోమి ఆ కొండలలో నశించినచో లోకముననే నశించును. కావున 1975 నుండి అమలులోనున్న అంతర్జాతీయ వ్యాపార ఒడంబడికలో ఆర్కిడ్ల కుటుంబమంతయు సాధారణముగ రెండవ పట్టికలో నుండగా, ఈ సైకాస్ మరింత కఠినమైన మొదటి పట్టికలో చేరినది. భారతదేశపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991 లో సవరణ చేసి, మొదటిసారిగ ఆరు విధములైన మొక్కలకు రక్షణ కల్పించిరి. ఆ ఆరింటిలో శేషాచలపు సైకాస్ ఒకటి. మన ఈశాన్య ప్రాంతపు అడవులలో పెరుగు స్లిప్పర్ ఆర్కిడ్లు మరియొకటి. ఇవి ఉత్తర దేశపు పువ్వునకు జ్ఞాతులు. హిమాలయ పర్వతముల మీద దానికి మరింత దగ్గరి బంధువులగు సిప్రిపీడియం జాతులును గలవు.

ఇంగ్లండు మొక్కకు కలిగిన కష్టము ఏ ఒక్క క్రూరుని వలనను కలుగలేదు. పువ్వును ప్రేమించినవారే దానిని కోసిరి, ప్రేమించినవారే పెరికిరి. ప్రతివాడును 'నేను తీసికొనునది ఒక్కటియే కదా' యని తలచెను. ఆ ఒక్కటొక్కటే చేరి మూడు శతాబ్దములలో అడవి బోసిపోయెను. తరువాత వచ్చినవారు మరియొక విధముగ ప్రేమించిరి. వారు చోటును దాచిరి, రాత్రులు మేలుకొనిరి, తమ జీవితకాలమున పూయునో పూయదో తెలియని మొలకలను ఓర్పుతో నాటిరి. అందమైన దానిని స్వంతము చేసికొనుట ఒక ప్రేమ. దానిని దాని చోటనే బ్రతుకనిచ్చుట మరియొక ప్రేమ. ఈ రెండవ ప్రేమ వలననే ఇంగ్లండు కొండలలో ఆ బంగారు చెప్పు మరల విరిసినది.

ప్రశ్నలు

1. లేడీస్ స్లిప్పర్ పువ్వునకు వివిధ దేశముల వారు పెట్టిన పేర్లు ఏవి? వానిలోని పోలిక ఏమి?

2. తేనెటీగ ఈ పువ్వులో ప్రవేశించి వెలువడు విధమును వర్ణింపుము.

3. ఇంగ్లండున ఈ మొక్క తగ్గిపోవుటకు గల కారణములను వ్రాయుము.

4. 1930 లో మొక్కను కనుగొన్నవారు ఆ చోటును ఎందులకు దాచిరి? అది సరియైన పనియేనా? నీ అభిప్రాయమును తెలుపుము.

5. ఒకే జాతికి మూడు పట్టికలలో మూడు విధములైన స్థితులు ఎట్లు కలిగినవి? పాఠములోని చెరువు ఉదాహరణతో వివరింపుము.

6. మీ ఊరి పరిసరములలో ఒకప్పుడు విస్తారముగ నుండి ఇప్పుడు అరుదైన మొక్కను గూర్చి పెద్దలనడిగి తెలిసికొని వ్రాయుము.